గోదావరి గట్టు కథలు – 14: రంగం కట్టిన చేతులు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. అదే ఏడాది బంగాళాఖాతానికి అవతల రెండో బర్మా యుద్ధంలో ఇంగ్లీషు సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. మొదటి సంగతి గోదావరి జిల్లాల్లో పసిపిల్లవాడికైనా తెలుసు. ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతుక్కోవాలి. రెండోదాని గురించి మాత్రం మన చరిత్ర పుస్తకాలు దాదాపు మాట్లాడవు. డెల్టా పల్లెల్లో వేల కుటుంబాల బతుకు ఆ రెంటి మధ్యే నడిచింది. ఇక్కడ కోతలయ్యాక పని లేని చేతులకు అక్కడ పని దొరికేది. ఆ చేతులు అక్కడ ఒక మహానగరాన్ని నిలబెట్టాయి. దాన్ని మన పెద్దలు ‘రంగం’ అనేవారు.

గత సంచికలో కోరంగి రేవు దగ్గర ఆగాం. 1839 నవంబరు తుఫానులో సముద్రం కోరంగి మీదికి వచ్చిపడింది. అంతకు ముందు 1789లోనూ అలాగే వచ్చింది. ఆ పాత తుఫాను వివరాలు తవ్విన కలకత్తా వాసి హెన్రీ పిడింగ్టనే తర్వాత ‘సైక్లోన్’ అనే మాటను పుట్టించి ప్రపంచానికి ఇచ్చాడు. దెబ్బ మీద దెబ్బ తిని, పైనుంచి గోదావరి తెచ్చే ఒండ్రుకు మేట వేసి, కోరంగి రేవుగా చచ్చిపోయింది. ఓడలు కాకినాడకు మళ్ళాయి. అయితే అప్పటికే కోరంగి తెరచాప ఓడల్లో బర్మా వెళ్ళి వచ్చే మనుషులున్నారు. అందుకే అక్కడ దిగే తెలుగువాళ్ళందరికీ ‘కొరింగీ’ అనే పేరు స్థిరపడింది. శ్రీకాకుళం మనిషైనా, భీమవరం మనిషైనా రంగూన్ రేవులో దిగితే కొరింగీయే. రేవు పోయినా దాని పేరు పరాయి దేశంలో వందేళ్ళు బతికింది. రానురాను ఆ పేరులో చులకన కూడా వచ్చి చేరింది.

ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌ను కొత్తగా కట్టాలనుకున్నారు. అంతకు ముందు సింగపూరులో పనిచేసిన డాక్టర్ మాంట్‌గొమరీ ఒక ఆలోచన రాసిచ్చాడు. బెంగాల్ ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ ఫ్రేజర్ దాన్ని నక్షాగా గీశాడు. సూలే పగోడాను నడిమధ్యలో పెట్టుకుని, నది ఒడ్డుకు సమాంతరంగా పెద్ద వీధులు, వాటిని అడ్డంగా కోస్తూ సన్న వీధులు. పెద్ద వీధుల వెడల్పు నూరడుగులు. సన్న వీధుల్లో చాలావాటికి పేర్లు కూడా పెట్టలేదు, నంబర్లే ఇచ్చారు. స్థలాలు వేలం వేసి, ఆ డబ్బుతోనే బురద నేల మెరక చేసి రోడ్లు వేయాలన్నది ఏర్పాటు. ఖజానా మీద భారం పడకుండా నగరం తన్ను తానే కట్టుకునే ఉపాయం అది.

కాగితం మీద ఆ నక్షా ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. లోపం ఒక్కటే, కానీ పెద్దది. స్థలం కొనేవాడు అందులో ఉన్నాడు, కొట్టు పెట్టేవాడు ఉన్నాడు, దొరగారి బంగళా ఉంది. బస్తాలు మోసేవాడు ఎక్కడ పడుకోవాలో అందులో లేదు.

1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక బర్మా బియ్యానికి ఐరోపా దారి దగ్గరైంది. ఇరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. పజుండౌంగ్ వాగు పొడవునా, కెమ్మెండైన్‌లో, నదికి అవతల డల్లాలో ఆవిరి మిల్లులు లేచాయి. 1872లో సుమారు 99 వేలున్న రంగూన్ జనాభా 1911కి 2 లక్షల 93 వేలైంది. 1931 నాటికి 4 లక్షలు దాటింది. అందులో భారతీయులే 2 లక్షల 12 వేల పైచిలుకు, అంటే బర్మా రాజధానిలో సగానికి మించి మనవాళ్ళే. తమిళులు, బెంగాలీలు, హిందుస్థానీలు, ఒడియాలు అందరూ ఉన్నా రేవులో, మిల్లుల్లో, వీధి ఊడ్పులో ఎక్కువగా వినిపించింది తెలుగే.

ఈ ప్రయాణం మేస్త్రీతో మొదలయ్యేది. సార్వా కోతలు ముగిసే వేళకు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చేవాడు. తరచు అతనూ ఆ పేట మనిషే, లేదా పక్క ఊరివాడు. బయానా చేతిలో పెట్టేవాడు. ఆ డబ్బుతో ఇంట్లో అప్పు తీరేది, లేదా చెల్లెలి పెళ్ళి జరిగేది. కాటన్ తవ్వించిన కాలువలు నీళ్ళతోపాటు మనుషులనూ మోసేవి. పడవ ఎక్కి కాకినాడ చేరేవారు. 1890ల్లో రైలు వచ్చాక సామర్లకోట మీదుగా వెళ్ళేవారు. రేవులో పెద్ద స్టీమరు దూరంగా నిలబడేది. చిన్న పడవల్లో వెళ్ళి దాన్ని ఎక్కాలి. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో జనాన్ని ఎక్కించుకుని వెళ్ళేవి. పైకప్పు లేని డెక్కు మీద, మూటల మధ్య, మూడు నాలుగు రోజుల ప్రయాణం. 1927లో ఒక్క ఏడాదిలో భారతదేశం నుంచి రంగూన్‌లో దిగినవాళ్ళు 4 లక్షలకు పైనే. ప్రపంచంలో అంతమంది వలస జనం దిగే రేవుల్లో న్యూయార్క్ పక్కన రంగూన్ పేరు చెప్పుకునేవారు.

అక్కడ బయానా ఒక గొలుసులో మొదటి లంకె. ఓడల సరుకు దింపే గుత్తేదారు, అతని కింద పెద్ద మేస్త్రీ, అతని కింద గుంపు మేస్త్రీ, చివర కూలీ. పైనుంచి రూపాయి దిగుతూంటే ప్రతి మెట్టు దగ్గరా కొంత కోత పడేది. అప్పు తీరకముందే పని వదిలి పారిపోతే 1859 నాటి ఒప్పంద ఉల్లంఘన చట్టం కింద జైలుకు పంపొచ్చు. ఆ చట్టాన్ని 1925లో గానీ రద్దు చేయలేదు. అప్పు ఎగవేతకు అందరికీ సివిలు కోర్టు ఉంటే, కూలీకి మాత్రం క్రిమినల్ కోర్టు! ఇన్నేళ్ళ తర్వాత చదువుతున్నా కోపం వచ్చే వివరం ఇది.

ఇక నివాసం. స్టీమరు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చినప్పుడు మేస్త్రీ కేక వేస్తే పది నిమిషాల్లో రేవులో ఉండాలి. అందుచేత గుంపు మొత్తం రేవుకు దగ్గరగా ఒకే గదిలో ఉండేది. గది అద్దె మేస్త్రీయే కట్టేవాడు, కూలిలోంచి పట్టుకునేవాడు. పగటి పనివాడు లేచిన చోట రాత్రి పనివాడు పడుకునేవాడు. గది చాలకపోతే అరుగుల మీద, అదీ లేకపోతే రోడ్డు మీద. ఆడవాళ్ళు బహు తక్కువ. పెళ్ళాం పిల్లలను తెచ్చుకునే చోటు లేదు, తెచ్చుకునే జీతమూ లేదు. వలస కూలీల రక్షణాధికారిగా పనిచేసిన ఇ.జె.ఎల్. ఆండ్రూ 1933లో రంగూన్ భారతీయ శ్రామికుల మీద ఒక పుస్తకమే వేశాడు. విట్లీ అధ్యక్షతన వచ్చిన రాయల్ లేబర్ కమిషన్ కూడా బర్మాకు ప్రత్యేకంగా ఒక సాక్ష్యాల సంపుటం కేటాయించింది. గదుల్లో ఇరుకు గురించి, గాలి వెలుతురు లేకపోవడం గురించి, క్షయ గురించి అధికారులు నిజాయితీగానే రాశారు. కాకపోతే ఆ కాగితాల్లో కూలీ ఎప్పుడూ ఒక సమస్యే. అతని ముందు నక్షా పరిచి ‘నీకేం కావాలయ్యా’ అని అడిగిన సందర్భం కనబడదు.

1920 చట్టంతో రంగూన్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. పల్లపు నేలలు మెరక చేయడం, శివార్లలో కొత్త లేఅవుట్లు వేయడం, రోడ్లు తీయడం దాని పని. దాని ఆలోచన సులభంగా చెప్పాలంటే, నడిబొడ్డున ఇరుకు ఉంది కాబట్టి జనాన్ని శివార్లకు పంపాలి. మేస్త్రీ కేక శివారు దాకా వినబడదు కదా! రోజు కూలీ మీద బతికేవాడికి రేవు నుంచి రెండు మైళ్ళు వెళ్ళడమంటే పని పోగొట్టుకోవడమే. పని దొరికే పద్ధతి మారకుండా ఇల్లు మారదు. ఈ ముక్క చెప్పడానికి ఇంజినీరు అక్కరలేదు, గుంపులో ఏ మనిషైనా చెప్పేవాడు. మునిసిపాలిటీలో భారతీయ సభ్యులున్నారు నిజమే. స్థానాలు జాతుల వారీగా పంచారు, ఓటు పన్ను కట్టేవాళ్ళకే ఉండేది. కాబట్టి భారతీయుల పేరుతో అక్కడ కూర్చున్నవాళ్ళు వర్తకులు, వకీళ్ళు, ఇళ్ళ యజమానులు. కూలీ గదికి అద్దె వసూలు చేసేవాళ్ళే కూలీ గది ఎంత ఉండాలో నిర్ణయించే సభలో ఉన్నారు.

రంగూన్ నక్షాలో తెలుగువాళ్ళ కోసమే ఉన్న జాగా ఏదైనా ఉందా అంటే ఒకటి ఉంది. ఇళ్ళ వరసల వెనక సన్నటి సందులు. ప్రతి రెండు వరసల ఇళ్ళ వెనకా మురుగు పోవడానికీ, పాకీవాళ్ళు వచ్చి మలం బకెట్లు ఎత్తుకుపోవడానికీ వదిలిన దారులవి. 1880ల చివర ఐజాక్ షోన్ అనే ఇంజినీరు కనిపెట్టిన పద్ధతిలో, గాలి ఒత్తిడితో మురుగును తోసే గొట్టాలు నడిబొడ్డున వేశారు. ఆసియాలో అప్పటికి అది గొప్ప యంత్రమే. అది చేరని పేటల్లో మాత్రం బకెట్టే దిక్కు. ఆ బకెట్టు ఎత్తింది ఎక్కువగా గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వెళ్ళిన దళితులు. ఇక్కడ ఊరి చివర పేటలో ఉన్నవాణ్ణి అక్కడ ఇంటి వెనక సందులో పెట్టారు. సముద్రం దాటినా కులం వాళ్ళకంటే ముందే వెళ్ళి ఆ నగరం నక్షాలో కూర్చుంది. ఇంటి ముందు నూరడుగుల వీధి, వెనక పాకీ సందు, ఈ రెండూ కలిస్తేనే ఫ్రేజర్ నగరం. మొదటిది ఫోటోల్లోకి ఎక్కింది. రెండోది లేకపోతే మొదటిది ఒక్క వారం కూడా నిలబడేది కాదు.

ఆ సంగతి రంగూన్‌కు రెండుసార్లు తెలిసొచ్చింది.

మొదటిది 1930 మే. ఆ నెల 5న పెగూ భూకంపం వచ్చింది. అదే రోజు గాంధీజీని అరెస్టు చేశారు. ఆ రోజుల్లోనే తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని పని ఆపేశారు. ఓడలు నదిలో నిలిచిపోయాయి. కంపెనీలు బర్మీయులను పనిలోకి తెచ్చుకున్నాయి. కొద్ది వారాల్లో యజమానులు దిగివచ్చి తెలుగువాళ్ళతో రాజీపడ్డారు. మరి అన్నాళ్ళూ పనిచేసిన బర్మా కూలీ సంగతి? వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మే 26 ఉదయం వాళ్ళు పనికని రేవుకు వస్తే చోటు లేదన్నారు. ఎగతాళి మాటలు లేచాయి, తర్వాత కర్రలు, కత్తులు లేచాయి. చనిపోయినవాళ్ళు అధికారిక లెక్కలోనే వందకు పైన. వారిలో అత్యధికులు తెలుగువాళ్ళు. వేల మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. అంత పెద్ద నగరంలో వాళ్ళకు దక్కిన గోడలు అవి.

ఈ ఘోరాన్ని రెండు జాతుల పగగా రాసేవారున్నారు. నేను ఒప్పుకోను. పొలం పోగొట్టుకుని నగరానికి వచ్చిన బర్మా రైతు, బయానా తీర్చుకోవడానికి వచ్చిన గోదావరి కూలీ ఒకే రేవు ముందు నిలబడ్డారు. ఆ పని ఎవరికి ఎలా పంచాలో ఆలోచించే బాధ్యత రేవు నడిపేవాళ్ళది. గొడవ అయ్యాక బర్మీయులకూ వాటా ఇచ్చే ఏర్పాటు చేశారు. అంటే అది ముందే సాధ్యం. శవాలు లేచేదాకా ఎవరికీ తీరిక లేకపోయింది.

ఇక్కడ ఒక్కసారి భూమికి అటువైపు చూడాలి. కాలిఫోర్నియాలో శాన్‌డియాగో నగరంలో బారియో లోగన్ అనే పేట ఉంది. మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలది, రేవుకు, చేపల మిల్లులకు దగ్గరగా ఉన్నది. ముందు పేటను చీల్చుకుంటూ పెద్ద రహదారి వేశారు. తర్వాత 1969లో తెరిచిన కొరొనాడో వంతెన స్తంభాలు ఇళ్ళ మధ్యే దిగాయి. వంతెన కింద పార్కు ఇస్తామన్న మాట ఉండేది. 1970 ఏప్రిల్ 22న చూస్తే అక్కడ హైవే పోలీసు స్టేషన్ కోసం బుల్‌డోజర్లు నేల చదును చేస్తున్నాయి. పేట జనం, విద్యార్థులు వెళ్ళి యంత్రాల ముందు నిలబడ్డారు. అక్కడే ఉండిపోయి మొక్కలు నాటారు. చివరికి స్థలం వాళ్ళదైంది. అదే ఇవాళ్టి చికానో పార్కు. వంతెన స్తంభాల నిండా వాళ్ళ చరిత్రను బొమ్మలుగా వేసుకున్నారు. లాస్ ఏంజెలెస్‌లో జేమ్స్ రోహాస్ అనే ప్రణాళికకారుడు ఇంకొక దారి పట్టాడు. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో లాటినో కుటుంబాలు ఇంటి ముందు కంచెను, అరుగును, వీధి మూలను, తోపుడు బళ్ళను ఎలా వాడుకుంటున్నారో గమనించి, నగరం తయారయ్యే తీరు అదేనని వాదించాడు. ప్లాన్లు గీసే సభలకు మామూలు జనాన్ని పిలిచి, బొమ్మలు పూసలు చేతికిచ్చి, మీకు కావలసిన వీధిని కట్టి చూపించమంటాడు.

శాన్‌డియాగో జనానికీ రంగూన్ కొరింగీలకూ ధైర్యంలో తేడా లేదు. 1930లో నది మీద ఓడలను ఆపిన గుంపు పిరికిది కాదు. తేడా ఎక్కడంటే బారియో లోగన్‌లో కుటుంబాలున్నాయి, బడులున్నాయి, ఓటు ఉంది, ఎన్నో ఏళ్ళుగా ఉంటున్న ఇళ్ళున్నాయి. ఇది మా నేల అని నిలబడటానికి కాళ్ళ కింద ఏదో ఉంది. కొరింగీకి రంగూన్‌లో ఉన్నదల్లా మేస్త్రీ పుస్తకంలో ఒక పేరు. ఏటా వచ్చి ఏటా వెళ్ళేవాడిగానే అతన్ని ఉంచడం మిల్లులకు, స్టీమరు కంపెనీకి, అద్దె యజమానికి అందరికీ లాభం. నిలకడగా ఉండే హక్కు లేనివాడి చేతిలో మిగిలే ఆయుధం పని ఆపడం ఒక్కటే. అది ఒకసారి వాడితే ఎంత నెత్తురు కారిందో చూశాం.

రెండోసారి 1941 డిసెంబరు. 23న, మళ్ళీ 25న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. రేవు కూలీలు, పాకీవాళ్ళు, ఊడ్చేవాళ్ళు మూటలు కట్టుకుని ప్రోమ్ రోడ్డు పట్టారు. రోజుల్లోనే రేవులో సరుకు దింపే దిక్కు లేదు, వీధుల్లో చెత్త ఎత్తే దిక్కు లేదు. ఎనభై ఏళ్ళకు పైగా పుస్తకంలో పేరుగా ఉన్నవాళ్ళ కోసం సర్కారు రోడ్ల మీదికి మనుషుల్ని పంపింది. నచ్చజెప్పి వెనక్కి తెచ్చుకుంది. బారులుగా నడుస్తున్న జనంలో కొందరు నిజంగానే వెనక్కి వెళ్ళారు, వెళ్ళి పనిచేశారు. 1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. డబ్బున్నవాళ్ళు అప్పటికే ఓడలెక్కారు. మిగిలినవాళ్ళు అరకాన్ కొండల మీదుగా కొందరు, తము దాటి మణిపూర్ మీదుగా కొందరు, నడిచారు. మొత్తం నాలుగైదు లక్షల మంది భారతీయులు. కలరాకు, ఆకలికి, అడవికి వేల మంది బలయ్యారు. తిరిగొచ్చినవాళ్ళకు సొంత తీరంలోనూ నెమ్మది దొరకలేదు. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద కూడా బాంబులు వేశాయి.

ఇక రంగం డెల్టాకు తిరిగి ఇచ్చిందేమిటి? కోనసీమ మండువా లోగిళ్ళలో నిలబడ్డ బర్మా టేకు స్తంభాలను ఇప్పటికీ గర్వంగా చూపిస్తారు. ఆ టేకు కొన్నవాడు వేరు, రంగూన్ రేవులో దాన్ని మోసినవాడు వేరు. అయినా మోసినవాళ్ళు పట్టుకొచ్చిన డబ్బుతో కూడా డెల్టా పేటల్లో కదలిక వచ్చింది. కొందరు దళితులు సెంటో, కుంచమో నేల కొన్నారు. భూస్వామి చేను తప్ప దిక్కులేని మనిషికి స్టీమరు టిక్కెట్టు ఉందంటే, ఇక్కడి కూలి బేరంలో అతని గొంతు కొంచెం పెరుగుతుంది. కోనసీమలో బోడసకుర్రు నుంచి రంగూన్ వెళ్ళి గుత్తేదారుగా ఎదిగిన దొమ్మేటి వెంకటరెడ్డి, ఆ సంపాదనతో, ఆ పరపతితో, తన వాళ్ళకు శెట్టిబలిజ అనే గౌరవమైన పేరు సాధించి పెట్టాడు. రంగూన్ నగర సభలో అడగలేకపోయిన మాటలు కొన్ని ఇక్కడ అడిగారు.

యుద్ధం తర్వాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో బర్మా సేనాని నెవిన్ సైన్యంతో అధికారం పట్టుకున్నాడు. తర్వాత రెండేళ్ళలో కొట్లు, వ్యాపారాలు జాతీయం చేశాడు. 1964 నుంచి ఓడల నిండా మళ్ళీ జనం తిరిగి వచ్చారు. ఈసారి కూలీ గుంపులు కాదు, అక్కడే పుట్టి పెరిగిన కుటుంబాలు. విశాఖ కంచరపాలెంలో వాళ్ళకు చోటు దొరికింది. ఆ పేటను నేటికీ బర్మా క్యాంపు అంటారు. తాత్కాలికమని పెట్టిన పేరు శాశ్వతమైంది, ఎందుకంటే మనుషులు శాశ్వతంగా ఉన్నారు. మేస్త్రీ గదిలో వంతులవారీగా పడుకున్నవాళ్ళ మనవలకు ఇక్కడ సొంత గుమ్మం, రేషను కార్డు, వార్డు కార్పొరేటరును ఎన్నుకునే ఓటు ఉన్నాయి. కుళాయి రాకపోతే వెళ్ళి అడుగుతారు, వీధి దీపం లేకపోతే గొడవ చేస్తారు. రంగూన్‌లో మూడు తరాలకు దక్కనిది అదే.

ఆ రంగూన్‌లో, ఇప్పటి యాంగోన్‌లో, పాకీ సందులు చాలాకాలం చెత్తకుప్పలుగా పడి ఉన్నాయి. ఈమధ్య ఏళ్ళలో దో ఎయిన్ అనే సంస్థ, ఆ వీధుల వాళ్ళతో కలిసి కొన్ని సందులను శుభ్రం చేసి మొక్కలు పెంచింది, పిల్లలు ఆడుకునే చోట్లుగా మార్చింది. ఏ సందు ఎలా ఉండాలో అక్కడ ఉండేవాళ్ళే కూర్చుని చెప్పారు. మంచి పని. ఆ గోడల మీద బొమ్మలు వేస్తున్నప్పుడు, ఒక మూల బకెట్టు ఎత్తిన గోదావరి మనిషినీ వేస్తే బాగుండును.

ఇవాళ రాజమహేంద్రవరంలో, కాకినాడలో అపార్ట్‌మెంట్లు కడుతున్న కూలీలు ఒడిశా నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళు. కట్టే భవనం పక్కనే రేకుల షెడ్డులో ఉంటారు. పని అయిపోతే షెడ్డు పీకేస్తారు. మాస్టర్ ప్లాన్ మీద అభ్యంతరాలు చెప్పమని నగరపాలక సంస్థలు పేపర్లో ప్రకటన ఇస్తాయి, గడువు ఇస్తాయి. ఆ షెడ్డు దాకా వెళ్ళి, అడ్డా మీద నిలబడి, వాళ్ళ భాషలో అడిగే మనిషిని కూడా నియమించాలని కోరుతున్నాను. అడ్డా నీడ, తాగునీరు, పిల్లలకు బడి, రాత్రి పడుకునే చోటు అనేవి నక్షాలో గీయదగ్గ విషయాలే.

వచ్చే సంచికలో కాకినాడ రేవు: డచ్చివాళ్ళ జగన్నాథపురం నుంచి పత్తి ఓడల దాకా.